కుడిదిక్కు గుండె, పల్చటి గంజి

చంద్రమౌళి గుండె ఉండాల్సిన చోట లేదని తేలిన రోజు సిరిసిల్లలో వాళ్ల గల్లీ పండగ చేసుకుంది.

నవ్వితే నవ్వండి. జరిగింది అదే. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మీసం మొలిచినప్పటి నుంచీ సైజింగ్ కార్ఖానాలో నూలుకు గంజి పట్టించడమే పని. సాంచాల మీదికి, అంటే మరమగ్గాల మీదికి, పోయే నూలు ముందు ఈయన తొట్టిలో మునిగి లేవాల్సిందే. గంజి లేని నూలు మగ్గం దెబ్బకు ఆగదు, తెగిపోతుంది. అట్లాంటి పనిమంతుడికి శివరాత్రి పోయిన తర్వాత ఆయాసం పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఛాతీలో ఎవరో పిచ్చిపట్టినట్టు తలుపు బాదేవాళ్లు. ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి, ఒక లెక్కా పత్రం లేకుండా.

"బిడ్డ కాడికి పోదాం నడువు" అంది భార్య లసుమవ్వ. ఆమె బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట దించకుండానే ఇంటిని, మొగుణ్ని, సగం గల్లీని నడిపిస్తుంది.

బిడ్డ పద్మజ కోరుట్లలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఆమె బాపును జగిత్యాలలో గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఈసీజీ తీసే అమ్మాయి వైర్లు పెట్టింది. కాగితం వచ్చింది. చూసింది, మూతి ముడిచింది. వైర్లు పీకి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే.

"తాతా, కదులుతున్నవా?"

"శవం లెక్క పన్నగద బిడ్డా, ఇంకెట్ల పండాలె?"

అమ్మాయి మెషిన్‌ను ఒక చరుపు చరిచింది. లాభం లేక డాక్టరును పిలిచింది. డాక్టరు పేరు శశాంక్. కుర్రాడు. కోరుట్ల దిక్కు ఒకప్పటి దొరల ఇంటివాడు. తాతల కాలంలో వాళ్ల గడప ముందు పద్మశాలీలు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు మనవడు వంగి పద్మశాలి ఛాతీ మీద చెవిగొట్టం పెట్టాడు. కాలం ఊరికే మారలేదు, కొట్లాడితే మారింది. అది వేరే కథ.

డాక్టరు ఎడమ పక్క విన్నాడు. ఎక్కడో పక్కింట్లో మాట్లాడుకున్నట్టు వినిపించింది. గొట్టాన్ని మెల్లగా జరుపుకుంటూ కుడి పక్కకు వచ్చాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"ఇక్కడున్నది!" అన్నాడు, తప్పిపోయిన మేక దొరికినట్టు.

స్కానింగులో అంతా బయటపడింది. గుండె కుడివైపు. కాలేయం ఎడమవైపు. లోపలి సామానంతా అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంది. తల్లి కడుపులోనే అట్లా తయారయ్యాడు. ఇన్నేళ్లూ ఆ సంగతి ఆయనకే తెలియదు. ఎవరు చూశారు గనక? కార్ఖానాలో నూలు చుట్టిన బీముకు బాగాలేకపోతే మేస్త్రీని పిలుస్తారు. మనిషికి బాగాలేకపోతే ఇంకో మనిషిని పిలుస్తారు.

"భయపడకు పెద్దనాయనా" అన్నాడు శశాంక్. "కుడిదిక్కు ఉండుడు రోగం కాదు. వేలల్ల ఒక్కరికి గిట్ల ఉంటది. నీ రోగం వేరే. గుండె పై గదులు సరిగ్గ కొట్టుకుంటలేవు, వణుకుతున్నయ్. తాళం తప్పింది."

"తాళం తప్పుడంటే కోలాటంల నాకు ఎరుకే సారూ. మళ్ల దారిల పెట్టుడు ఎట్ల?"

"చిన్న కరెంటు షాకు. మత్తిచ్చి ఒక్క దెబ్బ. సాంచా బందు పెట్టి మళ్ల చాలు చేసినట్టే. కాని దానికి ముందు రక్తం పల్చబడే గోళి వేసుకోవాలె. పరీక్షల నంబరు రెండుకు మూడుకు నడుమ రావాలె. మూడు వారాలు దిగకుండ అక్కడనే నిలవాలె. గప్పుడే షాకు. లేకపోతే లోపల రక్తం గడ్డ కట్టి ఉంటే, ఆ గడ్డ లేచి మెదడుకు పోతది. పచ్చవాతం వస్తది."

బయట యాభై మంది రోగులు. డాక్టరు మాటలు సాంచా మీద నాడె అటూ ఇటూ ఉరికినట్టు ఉరికాయి. చంద్రమౌళికి ఆ మాటల్లో ఒక్కటే పట్టుకుంది: రక్తం పల్చబడే గోళి.

లేస్తూ అసలు సంగతి అడిగాడు. "పెద్ద హనుమాన్ జయంతికి కొండగట్టుకు పోవాలె సారూ. మల్యాల నుంచి గుట్ట మీది దాక కోలాటం ఆడుకుంట పోతం, సైజింగోళ్లం. ముందట పాడేది నేనే. ఆడొచ్చునా?"

"తాళం దారిల పడితే ఆడు. పడకపోతే గుట్ట కింద కుర్చేసుకొని చూడు."

కుర్చీ వేసుకుని చూడటం! చంద్రమౌళి ఆ మాటను జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా బస్సులో నమిలాడు. పెళ్లికి ముందు నుంచి ఒక్క జయంతి తప్పలేదు. ఆయన గొంతెత్తితే తప్ప జట్టు అడుగు కదలదు. ఆయన లేకుండా పోతే పోతారు, కాదనను. కానీ అది కోలాటం కాదు, నడక.

ఇంటికి రాగానే గల్లీ అంతా దిగింది. అందరికీ చెయ్యి పెట్టి చూడాలని ఉబలాటం. చంద్రమౌళి అంగీ గుండీలు విప్పి అరుగు మీద దర్జాగా కూర్చున్నాడు.

"అరే, నిజంగనే గిటున్నదిరా!"

"ఇన్ని రోజులు మాకు చెప్పకుండ దాచిపెట్టినవా మౌళన్నా?"

"నాకే తెల్వదంటే నీకేం చెప్తరా!"

ఎవరో పేలాలు తెచ్చారు, ఎవరో చాయ్ పెట్టారు. లసుమవ్వ బీడీల చాట పక్కకు పెట్టి లేచింది. అందరూ ఆమె వైపు చూశారు.

"లగ్గమైన కాన్నుంచి ఎడమదిక్కు ఛాతీ మీద తల పెట్టి పండుకుంటున్న" అంది. "అటు ఏం లేదట! ఇన్నేండ్లు ఉత్త గోడకు చెవి పెట్టిన."

గల్లీ పడీపడీ నవ్వింది. చంద్రమౌళి ఒక్కడే సిగ్గుతో గుండీలు పెట్టుకున్నాడు.

గోళీలు మొదలయ్యాయి. ఆకుకూర మితంగానే పెట్టమని కూడా డాక్టరు చెప్పాడు. రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకు లసుమవ్వ ఎదురుగా నిలబడి మింగించేది. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేది. వారానికోసారి రక్తపరీక్ష. నంబరు ఒకటి దాటి ఇంత జరిగి ఆగిపోయింది. డాక్టరు మోతాదు పెంచాడు. నంబరు కదల్లేదు. మళ్లీ పెంచాడు. ఊహూఁ.

"ఏందో మొండి రక్తం" అన్నాడు శశాంక్ ఫోన్లో, పద్మజతో. "ఒకపారి నీ దగ్గర ఉంచుకొని చూడమ్మా."

చంద్రమౌళి కోరుట్లకు పోయాడు. అల్లుడి ఇంట్లో మర్యాదగా పెట్టింది తిన్నాడు, మర్యాదగా టీవీ చూశాడు. నంబరు పైకి లేచింది. రెండు దాటింది! పద్మజ సంబరపడి మిఠాయి తినిపించి బస్సెక్కించింది. సిరిసిల్లకు పోయిన వారానికి పరీక్ష చేస్తే మళ్లీ మొదటికి.

పద్మజ పని చేసేది ల్యాబులో. కోరుట్లలో లేచింది సిరిసిల్లలో ఎందుకు పడుతుందో ఆలోచించింది. మరుసటి ఆదివారం పొద్దున్నే వచ్చి నేరుగా వంటింట్లో దూరింది. గిన్నెల మీద మూతలు తీసి చూసింది. చంద్రమౌళి అప్పటికే కార్ఖానాకు పోయాడు.

"అవ్వా, నిజం చెప్పు. బాపుకు ఆకుకూర ఎంత పెడుతున్నవ్?"

"డాక్టరు చెప్పినంతనే. వారానికి రెండు పూటలు, గిన్నెడు. ఎందుకే?"

"అబద్ధమాడకు. నంబరు పడిపోయిందంటే ఎవలో దండిగ ఆకు తినిపిస్తున్నరు. ఆకుల ఉన్నది ఆ గోళి పనిని చెడగొడతది. బాపు పుంటికూర అడిగితే నీకు కాళ్లు చేతులు ఆడయి, పెడ్తవ్."

లసుమవ్వ బీడీ కత్తెర టక్కున కింద పెట్టింది. ఆ చప్పుడుకు ఎదురింటి కోడి పారిపోయింది.

"నేనానే? నాలుక కింద గోళి ఎతికేటి మనిషిని నన్నంటవా? నా చేతి కూర సల్లగుండ, అల్లుని ఇంట్ల నాలుగు దినాలు ఉంచుకొని డాక్టరమ్మవైనవా?"

"మరి ఇంకెవలు పెడ్తరు?"

"ఎవలు పెడ్తరో ఇప్పుడే చూస్త. నడువు."

చెంగు నడుముకు చుట్టి బయలుదేరింది. పద్మజ వెనకాల పరుగెత్తాల్సి వచ్చింది. లసుమవ్వ కోపంగా నడిస్తే ఆటోలు పక్కకు తప్పుకుంటాయి.

సైజింగ్ కార్ఖానాలో ఆదివారం కూడా పనే. పండగ ఆర్డరు నడుస్తోంది. కార్మికుడికి ఆదివారం ఉండదు, యజమానికి ఉంటుంది. లోపల గంజి ఆవిరి. ఆ ఆవిరిలో చంద్రమౌళి ఒక పెద్ద స్టీలు గ్లాసు ఎత్తి గటగటా తాగుతున్నాడు. పక్కన రాజలింగం పొగాకు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. రాజలింగం ఎవరో కాదు, లసుమవ్వ సొంత తమ్ముడు. అదే కార్ఖానాలో బీములు ఎక్కిస్తాడు.

గ్లాసు దించిన చంద్రమౌళి మీసం పచ్చగా ఉంది.

"ఏందది?" అంది లసుమవ్వ.

ఇద్దరూ గడ్డకట్టుకుపోయారు. రాజలింగం డబ్బా వెనక దాచాడు. పద్మజ వెనక నుంచి లాక్కుంది. మూత తీసింది. మునగాకు పొడి. నిండా.

"అక్కా, నేను వద్దన్న" అన్నాడు రాజలింగం వెంటనే. "బావనే తెమ్మన్నడు. ఎల్లంతకుంట కాడ మా దోస్తు చేను గట్టు మీదున్నది చెట్టు."

"తమ్మీ, నీ సంగతి ఇంటికాడ చూస్త. ఏమయ్యా, నువ్వు చెప్పు."

చంద్రమౌళి మీసం తుడుచుకున్నాడు. దొరికిపోయిన తర్వాత దాచేదేముంది? ఆయనకూ కోపం వచ్చింది. ఇన్ని రోజులు లోపల దాచుకున్న భయం కోపంగా బయటికి వచ్చింది.

"చెప్త. ఇను. నా బతుకంత గంజి తోటే పోయింది. ఇట్ల రెండు వేళ్ల నడుమ రాసి చూసి చెప్త, చిక్కగున్నదా పల్చగున్నదా అని. ఒక్కపారి పల్చగ పట్టించిన బీము పోతే ఏమైందో నీకు ఎరుకనే గద? దారాలన్నీ పోగులు పోగులు తెగినయ్. సాంచోళ్లు నన్ను నడి బజార్ల తిట్టిండ్రు. పల్చటి దాన్ల బలం ఉండదే లసుమా! నూలుకే లేని బలం మనిషికి ఎక్కడిది? రక్తం పల్చబడితే నేను గుట్ట ఎక్కేది ఎట్ల, గొంతెత్తేది ఎట్ల? నువ్వు గోళి మింగమంటివి, మింగిన. కాదన్ననా? ఇటు ఆకు తోటి, అన్నం గంజి తోటి మళ్ల చిక్కబరుసుకున్న. నీ మాట నిలిచింది, నా పానం నిలిచింది."

 పద్మజకు తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ఇట్లాంటి మనిషిని మూర్ఖుడనడం తేలిక. నేను అనను. జీవితమంతా ఒక పని చేసిన మనిషి ప్రపంచాన్ని ఆ పనిలో నుంచే చూస్తాడు. డాక్టరు డాక్టరు పనిలో నుంచి చూస్తాడు. ఇద్దరి మధ్యా ఒక చీటీ ముక్క రాసి పారేస్తే మనుషులు కలుస్తారా? మందు పేరు చెబితే సరిపోదు, మందు పని చెప్పాలి. అది చెప్పే తీరిక ఏ ఆస్పత్రిలోనూ లేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

కార్ఖానా నిశ్శబ్దమైంది. తొట్టిలో గంజిని కలియబెట్టే మోటారు ఆగింది. ఆవిరి బుస్సుమంటూ తగ్గిపోయింది. మామూలుగా అయితే చంద్రమౌళి ఆ క్షణమే తెడ్డు అందుకునేవాడు. ఇప్పుడు భార్య ముందు నిలబడి దబాయిస్తున్నాడు.  గంజి మీద మెల్లగా తెట్టు కట్టింది. అది చూసి ఆయన ప్రాణం కొట్టుకులాడింది.

"లింగం! తెడ్డు, తెడ్డు!"

రాజలింగం కదలబోతే లసుమవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు తమ్మీ."

"ఏందే, జరుగు! ఉండలు కడతది!"

"కట్టనీ."

"పిచ్చి లేసిందా? కలియబెట్టక ఇడిస్తే అడుగున ఉండ కడతది. ఆ ఉండ నూలు మీద పడితే సాంచా మీది పన్నె పండ్లల్ల ఇరుక్కుంటది. ఒక్క ఉండ చాలు, జామై వంద దారాలు టపటప తెగుతయ్. బీము ఖతం!"

"గంజి చిక్కగనే ఉన్నది గద?"

"చిక్కగనే ఉన్నది."

"చిక్కదనం బలం అంటివి గద. మరి ఎందుకు తెగుతయ్?"

"చిక్కదనం వేరే, ఉండ వేరే! ఎంత మంచి గంజైనా నిలువ ఉంటే ఉండ కడతది. కదులుతుండాలె. నీకు తెల్వదా, మగ్గాల కాలంల గంజి కాసినదానివి నువ్వే గద..."

అక్కడ ఆగిపోయాడు.

 లసుమవ్వ చెయ్యి చాపి ఆయన ఛాతీ మీద పెట్టింది. కుడివైపు. కింద గుండె పిచ్చిగా, తాళం లేకుండా కొట్టుకుంటోంది.

"పై గదులు వణుకుతున్నయ్, కలియబెడ్తలేవు అని బిడ్డ నాకు చెప్పింది" అంది మెల్లగా. "రక్తం ఒక మూలకు నిలువ ఉంటున్నదట. ఉండ కడతదట. గా ఉండ లేచి తలకు పోతే, నీ పన్నెల ఇరుక్కున్నట్టే. గోళి నీ బలం తీసుటానికి కాదయ్యా. ఉండ కట్టకుండ."

చంద్రమౌళి తొట్టి వైపు చూశాడు. తన ఛాతీ వైపు చూసుకున్నాడు. మళ్లీ తొట్టి వైపు.

"గా డాక్టరు గీ ముచ్చట ఎందుకు చెప్పలే?" అన్నాడు. "పల్చబడే గోళి అన్నడు. ఉండ కట్టని గోళి అంటే అయిపోవు గద!"

"అన్నడు బాపూ, గడ్డ అని అన్నడు. నువ్వు ఇనలే" అంది పద్మజ.

"యాభై మందిని నిలబెట్టి ఉరికిచ్చుకుంట చెప్తే ఎవనికి ఇనపడ్తది బిడ్డా?"

"అయ్యా, ముచ్చట తర్వాత పెట్టుకోండ్రి, తొట్టి చూడుండ్రి!" రాజలింగం మొత్తుకున్నాడు.

అప్పుడు చూడాలి. మొగుడికి ఆయాసం, తెడ్డు పట్టనీయలేదు లసుమవ్వ. తనే పట్టింది. ఆమె ఒక పక్క, రాజలింగం ఒక పక్క, పద్మజ చున్నీ నడుముకు కట్టుకుని మధ్యలో. చంద్రమౌళి స్టూలు మీద కూర్చుని ఎవరి చెయ్యి ఎట్లా తిరగాలో అరుస్తూ ఉన్నాడు. "అడుగు నుంచి లేపవే! మీద మీద కాదు! లింగం, నీకు తెడ్డు పట్టుడు సుత రాదురా, మా అత్త నిన్నెట్ల కన్నదిరా!" కరెంటు వచ్చేసరికి ముగ్గురి మొహాలకూ గంజి. తొట్టిలో ఒక్క ఉండ లేదు.

ఇంటికి పోయేటప్పుడు చంద్రమౌళి డబ్బా మురిక్కాలువలో పారేయబోయాడు. పద్మజ చెయ్యి పట్టుకుంది.

"ఆగు బాపూ. గిప్పుడే అసలు డేంజరు. నువ్వు ఆకు తింటున్నవని తెల్వక సారు మోతాదు పెంచుకుంట పోయిండు. ఒక్కసారి ఆకు బందు పెడితే గోళి ఎక్కువైతది. చిగుళ్లకెళ్లి రక్తం కారుతది. ముందుగాల సారుకు చెప్పాలె."

"ఆయన ముందట నేను చెప్పుకోవాల్నా?"

"నువ్వే."

తెల్లారి జగిత్యాలలో చంద్రమౌళి కుర్చీలో కూర్చుని చెప్పాడు, మునగాకు నుంచి తెట్టు దాకా. శశాంక్ మొదట కోపంగా చూశాడు, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, తర్వాత బాహాటంగా నవ్వాడు. బయట క్యూ ఉన్నా తలుపు వేయించాడు.

"తప్పు నాది సుత ఉన్నది పెద్దనాయనా. ఇంకో పేషెంటుకు నేను గీ గంజి ముచ్చటనే చెప్త." మోతాదు తగ్గించాడు. రెండు రోజులకే మళ్లీ పరీక్ష చేయమన్నాడు. "ఆకుకూర తినొద్దని నేను అంటలేను. తిను. ఎప్పుడూ ఒక్క తీరుగ తిను. ఒకనాడు చాటెడు, ఒకనాడు సున్న చేయకు. దెబ్బలు తాకకుండ చూసుకో."

"జయంతికి అందుకుంటనా సారూ?"

శశాంక్ గోడ మీది క్యాలెండరు చూశాడు. "నంబరు రెండుల నిలబడితే, అందుకుంటవ్. బొటాబొటి."

అది మొదలు సిరిసిల్లలో ఆ గల్లీకి వేరే పని లేదు. పరీక్ష రోజు రాగానే అరుగు మీద జనం. పద్మజ ఫోన్ చేయడమే ఆలస్యం. "ఎంత?" "ఒకటి పాయింటు ఎనిమిది." గల్లీ మూలిగింది. "ఎంత?" "రెండు పాయింటు రెండు!" ఎవరో పటాకుల దండ కాల్చారు. "పెండ్లి ఎవలదే?" అని పక్క గల్లీవాళ్లు వచ్చి అడిగారు. బావ కూర తినే ప్రతి పూటా రాజలింగం ఆయన పళ్లెంలోకి తొంగి చూసేవాడు. పాపం, పరిహారం చేసుకుంటున్నాడు. నంబరు నిలబడింది. వారం నిలబడింది, మళ్లీ వారం నిలబడింది, మూడోదీ నిలబడింది.

షాకు రోజు చంద్రమౌళి మంచం మీద పడుకున్నాడు. కొత్తగా చేరిన నర్సు ప్లాస్టరు పట్టీలు తెచ్చి అలవాటు కొద్దీ ఎడమ పక్క అంటించబోయింది. చంద్రమౌళి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, నా దుకాణం అటు లేదు."

"ఆఁ?"

తలుపు బయటి నుంచి లసుమవ్వ గొంతు ఆస్పత్రి అంతా వినిపించింది. "కుడికి! కుడికి పెట్టవ్వా!"

లోపల శశాంక్ నవ్వుతూ పట్టీలు తన చేత్తోనే కుడివైపు అంటించాడు. మత్తు ఇచ్చారు. ఒక్క దెబ్బ.

కళ్లు తెరిచేసరికి చంద్రమౌళి ఎదురుగా తెర మీద పచ్చ గీత ఒక్క తీరుగా ఎగురుతోంది. అది నమ్మని మనిషి ఒకతి ఉంది. లసుమవ్వ లోపలికి వచ్చి, డాక్టరు ఉన్నాడని చూడకుండా, నర్సులు ఉన్నారని చూడకుండా, వంగి ఆయన ఛాతీ మీద చెవి పెట్టింది. ఈసారి కుడివైపు.

"ఏందే గీ పని, అందరు చూస్తున్నరు" అని గొణిగాడు చంద్రమౌళి.

"నోరు మూస్కో. ఇననీ." చాలాసేపు విని తల ఎత్తింది. కళ్లు తడి, మూతి నిండా నవ్వు. "నూనె పోసిన సాంచా లెక్క నడుస్తున్నది."

"గోళి మాత్రం ఆపొద్దు" అన్నాడు శశాంక్. "తాళం మళ్ల తప్పొచ్చు. ఉండ ముచ్చట మర్వకుండ్రి."

"నేనుండంగ మర్వనిస్తనా!" అంది లసుమవ్వ.

పెద్ద జయంతి రోజు మల్యాల రోడ్డు మీద మనుషులే మనుషులు. సైజింగ్ జట్టు లారీ దిగింది. అందరి చేతుల్లో కోలలు. చంద్రమౌళి తన కోలల కోసం చెయ్యి చాపాడు. రాజలింగం ఇచ్చినవి చూసి బిత్తరపోయాడు. రెండు కోలలకూ పైనుంచి కింది దాకా కార్ఖానా వేస్టు నూలు చుట్టి ఉంది. బొద్దుగా, బంతిపూల దండల్లాగా.

"ఇదేందిరా?"

"అక్క చుట్టించింది బావా. వేళ్లకు తాకితే రక్తం ఆగదు గద. గంజి సుత పట్టించిన, ఊడదు."

"చిక్కటిదా పల్చటిదా?" అన్నాడు ఎవడో వెనక నుంచి. జట్టంతా గొల్లుమంది.

"మీ అందరి సంగతి గుట్ట మీద చెప్త బిడ్డా!"

చంద్రమౌళి గొంతెత్తాడు. అంజన్న పేరు ఎత్తుకున్నాడు. ఆ గొంతు విని దూరంగా పోతున్న హనుమాన్ దీక్షలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. జట్టు అడుగు కదిలింది. అందరి కోలలూ టకటకమంటుంటే ఆయనవి మాత్రం థప్పు థప్పుమన్నాయి, దిండుకు దిండు తాకినట్టు. ఎవరికీ పట్టలేదు. గుట్ట ఎక్కుతుంటే మధ్యమధ్య ఆగాడు, నీళ్లు తాగాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. ఆయాసం రాలేదని కాదు. వచ్చిన ఆయాసం వయసుది. అది అందరికీ వస్తుంది.

మీదికి చేరేసరికి పొద్దు వాలింది. గుడి ముందు దీపాలు వెలిగాయి. కోలాటం మంచి ఊపులో ఉంది. జనం చుట్టూ గూడి చప్పట్లు కొడుతున్నారు. చంద్రమౌళి కళ్లు మూసుకుని చరణం అందుకోబోయాడు. అంతలో జనంలో నుంచి, కొంగున కట్టుకొచ్చిన మాత్ర విప్పుకుంటూ, నీళ్ల సీసా ఎత్తి పట్టుకుని లసుమవ్వ దూసుకొచ్చింది.

"గోళీ!"

ఆట ఆగలేదు. ఆపేవాళ్లు కాదు వాళ్లు. రాజలింగం ఆ మాటనే అందుకుని రాగం తీశాడు.

"గోళి ఏస్కో మౌళన్నా..."

జట్టంతా వంత పాడింది. "మౌళన్నా, గోళి ఏస్కో!"

జనానికి అది ఏ పాటో తెలియదు. అయినా అందుకున్నారు. గుట్ట మీద వందల గొంతులు ఒక ముసలి సైజింగ్ కార్మికుడికి మందు వేసుకోమని పాడాయి. ఆయన అడుగు తప్పకుండా, తాళం తప్పకుండా, ఆడుతూనే నోరు తెరిచాడు. లసుమవ్వ కూడా ఆయనతో పాటు రెండడుగులు వేసి గోళి నోట్లో పడేసింది. నీళ్లు పోసింది. సగం మీసం మీద పోయాయి.

"నాలుక లేపు" అంది.

లేపాడు. ఆమె చూసింది.

"ఇగ పాడు."